అంకాలమ్మ ఏమంది?

బిరియానీ అడుగంటిన గిన్నె రుద్దుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "అది తర్వాత తోముకుందువుగాని. చీర మార్చుకో, మేనేజరు గారింటికి వెళ్ళాలి," అన్నారు. ఎందుకో కారెక్కాక చెప్పారు. మేనేజరు గారి భార్య, మేడమ్ అంటారు, ఆవిడ బంగారు గాజు కనబడటం లేదట. ఇంట్లో పనిచేసే అంకాలమ్మే తీసిందట. ఆమెకు తెలుగు తప్ప ఏమీ రాదు. నేను మాట్లాడి ఒప్పించాలి, మా ఆయన తన ఫోన్‌లో వీడియో తీస్తారు.

"ఒప్పుకుంటే పోలీసుల దాకా పోకుండా ఇంటికి పంపేస్తారు. దానికీ మంచిదే. నా కాంట్రాక్టు రెన్యువల్ ఆయన చేతిలో ఉంది, తెలుసుగా."

ఖతార్‌లోని ఈ అల్ ఖోర్ రోడ్డు మీద రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల నుంచి డ్యూటీ దిగినవాళ్ళ బస్సులు ఎదురొస్తున్నాయి. అద్దాలకు తలలు ఆనించి నిద్రపోతున్నారు. నంద్యాలలో మందుల షాపు పైన లాయరు అనంతలక్ష్మి గారి ఆఫీసు గుర్తొచ్చింది. అక్కడ నేను జూనియర్‌ని. పొద్దున అప్పులు తీర్చలేక ఐపీ పెట్టేవాళ్ళు వచ్చేవారు, సాయంత్రం బెయిలు కోసం ముద్దాయిల తల్లులూ పెళ్ళాలూ. ఐపీ పిటిషన్‌లో ఆస్తులు రాసేటప్పుడు వంట పాత్రలు, పరుపులు, తాళిబొట్టు పక్కన పెట్టేవాళ్ళం. వాటిని జప్తు చేయకూడదు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నాకు మిగిలినవీ సరిగ్గా అవే. "దివాలా తీసినవాళ్ళూ జైలుకెళ్ళేవాళ్ళూ మెట్లెక్కే చోట మా కోడలు కూర్చోవడమేమిటి?" అని అత్తగారు ఒక్కసారే అన్నారు. మా ఆయన రెండోసారి అనాల్సిన అవసరం రానివ్వలేదు.

మేనేజరు, మేడమ్ సోఫాలో ఉన్నారు. అంకాలమ్మ నేల మీద.

"మా ఆవిడ ఒకప్పుడు లాయరండీ, దొంగల తరఫున!" అన్నారు మా ఆయన ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు.

"మీది యా ఊరు మ్మా?" అంది అంకాలమ్మ, నేను పలకరించగానే.

"నంద్యాల."

ఆమె కళ్ళు నిండాయి. "ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తామంటాండారు. ఆ గాజు నేను సూడను గూడా సూడలేదు మ్మా. అయినా ఒప్పుకునేదా? పిల్లోళ్ళ కాడికి పోతే సాలు నాకు."

ఆ వీడియో ఆమెను పిల్లల దగ్గరికి చేర్చదని నాకు తెలుసు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టేషన్‌లో ఇవ్వవచ్చు. తప్పు చేశావా అని ముద్దాయిని ముందే అడగొద్దనేవారు అనంతలక్ష్మి గారు. ఇప్పటిదాకా ఎవరితో ఏమన్నావో అడుగు, ఇక ఏమీ అనొద్దని చెప్పు, అంతే. ఇక్కడి కోర్టులో నిలబడే హక్కు నాకు లేదు. కానీ ఇది కోర్టు కాదు.

నేను కుర్చీలోంచి దిగి అంకాలమ్మ పక్కన కూర్చున్నాను.

"ఇంతకుముందు ఒప్పుకున్యావా?"

"లేదు మ్మా."

"అయితే ఇంగ ఒక్క మాట గూడా అనొద్దు. తీసినాననీ అనొద్దు, తీయలేదనీ అనొద్దు. ఫోన్ ముందర తల గూడా ఊపొద్దు. నేను మన ఎంబసీకి ఫోన్ చేస్తా."

అత్తగారు ఏళ్ళ తరబడి సరిదిద్దిన నా యాస నాకే కొత్తగా వినిపించింది.

"క్యా బోలీ?" అంటూ అంకాలమ్మ ఏమందని హిందీలో అడిగింది మేడమ్. నేనన్నది ఆ గదిలో అంకాలమ్మ కాక అర్థమైంది మా ఆయన ఒక్కరికే. మేనేజరు ఆయన వైపు చూశాడు. ఫోన్ అలాగే ఎత్తి పట్టుకుని, ముఖం మీద నవ్వు చెదరనివ్వకుండా మా ఆయన తెలుగులో నాతో అన్నారు:

"నోరు మూసుకుని, అది ఒప్పుకుందని చెప్పు."

ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. నేను మేడమ్ వైపు తిరిగి, అంకాలమ్మకు నేనేం చెప్పానో ఇంగ్లీషులో మాట పొల్లుపోకుండా చెప్పాను. తర్వాత, మా ఆయన నాకేం చెప్పారో అదీ చెప్పాను.