సామాను దగ్గర ఎవరుంటారు?

నేను ఒక సంచిని. బజారులో వరసగా వేలాడదీసి అమ్మే రంగురంగుల సంచుల్లో ఒకదాన్ని కాను, లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలోంచి కత్తిరించి కుట్టిన ముతక సంచిని. నన్ను మొదటిసారి ఎత్తినవాళ్ళు లోపల ఏముందని అడుగుతారు. ఏమీ లేదంటే నమ్మరు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ బెల్లం వాసన వేస్తాను.

సంచి కాకముందు నేను అప్పలసూరి లారీ మీద పట్టాగా ఉండేదాన్ని. అనకాపల్లి బెల్లం దిమ్మల మీద పరుచుకుని కొండలన్నీ ఎక్కి దిగాను. ఘాట్ రోడ్డులో మబ్బులు నన్ను తడిపి పోయిన రోజులున్నాయి. ఓ గాలివానకు నడిమికి చిరిగిపోతే, గాజువాకలో పట్టాలు కుట్టే మస్తాన్ నాలో బాగున్న ముక్కను కోసి, దబ్బనంతో, మైనం రాసిన దారంతో సంచిగా కుట్టాడు. "ఇది నీ మనవలక్కూడా పనికొస్తది సూరన్నా" అన్నాడు. పనివాడి గొప్పలు అనుకున్నాను గానీ, అదే నిజమైంది.

కొన్నేళ్ళు నా కడుపులో జాకీ, స్పానర్లు, గ్రీజు డబ్బా మోశాను. లారీ అమ్మేశాక సూరి నన్ను పెరట్లో ఓ మూల పడేశాడు. అతని భార్య నూకరత్నం చూసి, గట్టి సంచి పాడైపోతోందని బట్టల సోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి బండకేసి బాదింది. గ్రీజు వదిలింది, బెల్లం మాత్రం వదల్లేదు. చీమలు ఇప్పటికీ ఆశగా వచ్చి, లోపలంతా వెతికి, నిరాశగా పోతుంటాయి. అప్పట్నుంచి నేను నూకరత్నం సంచిని.

ఇక నడకల సంగతి. వాళ్ళ కోడలు పద్మినికి ఆఫీసులో ఎవరో చెప్పారట, కొత్తగా నడిచేవాళ్ళనీ, పిల్లాపాపలున్న కుటుంబాలనీ తేలికైన దారుల వెంట తీసుకెళ్ళే బృందం ఒకటుందని. నెలకో ఆదివారం ఒక్కోచోటికి వెళతారు. వీధి చివర పాలకొట్టుకు కూడా స్కూటర్ మీద వెళ్ళే మనుషులు, నడవడం కోసం తెల్లవారకముందే లేచి, కారులో గంటలకొద్దీ ప్రయాణం చేసి, అక్కడ దిగి నడుస్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ ముఖాలు చూశాక నవ్వడం మానేశాను. అలసిపోయి వచ్చేవాళ్ళు అంత వెలుగుతో రావడం నేను లారీ మీద ఉన్న రోజుల్లో ఎన్నడూ చూడలేదు. పనేమీ లేకపోయినా ఒక చోటు చూడాలని కాళ్ళకు పని చెప్పే జీవి మనిషి ఒక్కడే. ఆ ఒక్క గుణానికి నేను మనుషుల్ని మెచ్చుకుంటాను.

మొదటి ఆదివారం భీమిలి పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళారు. కొడుకు హరినాథ్, పద్మిని, ఆరేళ్ళ మనవరాలు మైథిలి, సూరి, నూకరత్నం, నేను. కారు దిగగానే, సామాను దగ్గర ఎవరుంటారన్న మాట వచ్చింది. ఏ ఇంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఈ మాట వస్తుంది, ఏ ఇంట్లోనైనా దానికి జవాబుగా ఒక మనిషి ముందే ఉంటుంది. "నానుంటాను, మీరెల్లండి" అంది నూకరత్నం. వాళ్ళు వెళ్ళారు. మేమిద్దరం ఓ చెట్టు కింద కూర్చున్నాం.

తిరిగొచ్చాక ఆవిడ మొగుణ్ణి ఎలా ఉందని అడిగింది. సూరి చేతులు ఊపుతూ చెప్పాడు. అడుగు తప్పితే నడుం దాకా దిగబడిపోయే ఇసకట, పక్కనే లోయట, తాను లారీ తోలిన కాళ్ళు కాబట్టి తట్టుకున్నాయట. నూకరత్నం నోటిమీద చెయ్యి వేసుకుని విన్నది.

ఆ తర్వాత అరకు దగ్గర కాఫీ తోటల మధ్య దారి. సూరి చెప్పినదాన్నిబట్టి అది ఎలుగుబంట్లు తిరిగే దారి. ఆ పై నెల సెలయేటి వెంట నడక. అక్కడ తాడు పట్టుకుని వేలాడారట. మరో నెల సముద్రపుటొడ్డున సరుగుడు తోపులోంచి వెళ్ళే దారి. దాంట్లో భయపెట్టడానికి ఏమీ దొరక్క కాబోలు, ఎండను రెట్టింపు చేసి చెప్పాడు. ప్రతిసారీ చివర్లో "నువ్వు రానేవే" అని ముగించేవాడు.

నాకు మాత్రం వేరే కథ అందుతుండేది. మైథిలి దారిలో దొరికినవన్నీ తెచ్చి నాలో పడేసేది. ఎర్రటి ఇసక, కాఫీ పండు, నునుపుగా అరిగిన గులకరాయి, సరుగుడు కాయలు. అరచేతిలో పట్టే ఈ చిన్నచిన్న వస్తువులు ఎంతో మెత్తని దారుల గురించి చెప్పేవి. అదీగాక, చంకలో పసివాళ్ళను వేసుకుని వెళ్ళినవాళ్ళు నవ్వుతూ దిగి రావడం నేను కళ్ళారా చూస్తున్నాను. తాళ్ళు పట్టుకుని వేలాడిన మనుషుల్లా లేరు వాళ్ళు. నూకరత్నం కూడా చూసింది గానీ, ముప్ఫయ్యేళ్ళు కొండలెక్కిన డ్రైవరు మాటను ఆవిడ ఎలా కాదంటుంది? కొండ దిగగానే కొడుకూ కోడలూ పిల్ల వెంట కారు వైపు పరిగెత్తేవాళ్ళు, సూరి చెప్పే కథలు వాళ్ళ చెవిన పడేవి కావు. అత్తయ్యకు నడక ఇష్టం లేదని పద్మిని అనుకునేది. ఇష్టం లేకపోవడమేమిటి, వాళ్ళు వెళ్ళిన వైపే మెడ తిప్పుకుని కూర్చునేది నూకరత్నం. నా పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టేది.

చిట్టిమెట్ట కొండ నడకకు ముందురోజు రాత్రి వంటింట్లో పులిహోర కలుపుతూ ఆవిడ మొగుణ్ణి ఒక్కమాట అడిగింది. "పైనుంచి సంద్రం కనిపిస్తాదంట గదా. మా నాయినా, అన్నలూ సేపల ఏటకెళ్ళినోళ్ళే. నాను పుట్టిన కాడ్నించి ఒడ్డు నుంచే సూసినాను. ఓమాటు పైనుంచి సూడాలనుంది. రాలేనంటావేటి?" సూరి గుమ్మం వైపు తిరిగాడు. ఆ దారి నిచ్చెన నిలబెట్టినట్టుంటుందనీ, మోకాళ్ళు విరుగుతాయనీ చెప్పాడు. ఆవిడ పులిహోరను గట్టిగా కలిపింది. ఆ రాత్రి నాకు ఆ మనిషి మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

చిట్టిమెట్ట సముద్రం పక్కనే ఉన్న చిన్న కొండ. అందరూ కదిలాక నూకరత్నం నాలో సర్దుతుంటే సూరి కళ్ళజోడు చేతికి తగిలింది. కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ తీసి నాలో పడేసి మరిచిపోయాడు. దూరం చూపు అసలే ఆనని మనిషి, ఇది లేకుండా పైన ఏం చూస్తాడని ఆవిడకు దిగులు పట్టుకుంది. చుట్టూ చూసింది. నన్ను అప్పజెప్పడానికి ఎవరూ లేరు. నన్ను భుజానికి తగిలించుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని నడక మొదలుపెట్టింది.

మొదట్లో ఆవిడ అడుగులు భయంభయంగా పడ్డాయి. ప్రతి మలుపు దగ్గరా ఆగి, నిచ్చెన ఇక్కడే మొదలవుతుందేమోనని తొంగి చూసేది. మలుపు తిరిగితే మళ్ళీ అదే దారి. జీడిమామిడి చెట్ల నీడన ఎండాకుల మీద మెత్తగా సాగింది. కొంతదూరం ఇసక, కొంతదూరం ఎవరో పూర్వకాలంలో పరిచిన వెడల్పాటి రాళ్ళు. ఎదురుగా ఉప్పుగాలి. అలసట వచ్చే లోపలే దారి చదునైపోయి ఊపిరి తీసుకోనిచ్చేది. ఎంత దయగల దారి అది! అలాంటి దారిని చూసి పెట్టినవాళ్ళకు నేను దండం పెడతాను. ఓ చిన్నపిల్లాడు తల్లి వేలు వదిలించుకుని మమ్మల్ని దాటిపోయాడు. నూకరత్నం వాణ్ణి చూసింది, దారిని చూసింది. ఆ తర్వాత ఆవిడ అడుగుల్లో భయం లేదు, కోపం ఉంది.

సగం దూరంలో, ఓ జీడిచెట్టు కింద రాయి మీద సూరి కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. పెళ్ళాన్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"ఇదేనేటి నిచ్చెన?" అంది నూకరత్నం.

అతను నేల చూపులు చూశాడు. మెల్లగా చెప్పాడు. బండి తోలడమే గానీ నడవడం తన కాళ్ళకు ఎప్పుడు అలవాటైందని? మొదటి ఆదివారమే ఆయాసం వచ్చి సగంలో ఆగిపోయాడు. వెనక మెల్లగా వస్తానని కొడుక్కి చెప్పి, వాళ్ళు దిగేటప్పుడు కలుసుకునేవాడు. ప్రతిసారీ అంతే. "నువ్వు ఎలాగుందని అడిగితే ఏటి సెప్పను? సూడనేదని సెప్పడానికి సిగ్గేసినాది" అన్నాడు.

అంటే ఏ దారి చివరా ఇతను చూడలేదన్నమాట! నూకరత్నం నాలోంచి కళ్ళజోడు తీసింది. గొంతు పెంచలేదు.

"నీ సిగ్గుకి నా కాళ్ళు కట్టేసినావు."

కళ్ళజోడు అతని చేతిలో పెట్టింది. నన్ను అతని ఒళ్ళో పెట్టింది. "సామాను కాడ కూకో" అని పైకి వెళ్ళిపోయింది.

సూరి నన్ను పట్టుకుని కూర్చున్నాడు. కాపలా అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. దారిన పోయేవాళ్ళు, మీరు రావడం లేదా తాతగారూ అని పలకరించారు. సామాను దగ్గర ఒకరుండాలి కదమ్మా అన్నాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! కాసేపటికి అతను కూడా ఆవిడ వెళ్ళిన వైపే మెడ తిప్పుకుని, నా పట్టీని వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. నా కోపం అక్కడితో పోయింది.

కొడుకునీ కోడల్నీ పిల్లనీ పైనే వదిలి నూకరత్నం ఒక్కతే తిరిగొచ్చింది. కొప్పు ఊడిపోయింది, ముఖం మీద చెమట. ఆ ముఖాన్ని నేనెన్నడూ చూడలేదు. పక్కన కూర్చుని నీళ్ళు తాగింది. ఎలా ఉందని అడిగే వంతు ఈసారి సూరిది. అతను అడగకముందే ఆవిడే చెప్పింది.

"సప్పుడు నేదు. అంత సంద్రానికీ సప్పుడే నేదు. కెరటాలు తెల్లగా వొడ్డుకొస్తన్నాయి, వినపడవు. పడవలు గింజల్లాగున్నాయి. మా నాయిన అందులో కూకుని ఎల్లీవోడు గదా అనిపించినాది. ఏడుపొచ్చేసినాది."

ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఓ కొండ గురించి ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. సూరి తల వంచుకుని విన్నాడు. బాగుందే, చాలు, కిందికి పోదాం పద అన్నాడు.

"కిందికేటి? లే" అంది నూకరత్నం. "దార్లో నువ్వు కూకోడానికి సోట్లు సూసొచ్చినాను. ఆ మలుపు కాడ సెట్టు నీడుంది, దాని తర్వాత రాతి అరుగుంది. ఆయాసమొస్తే కూకుందాం. మనకేటి తొందర?"

సూరి ఆవిడ ముఖంలోకి చూశాడు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాక నా వైపు చూసి, సామాను దగ్గర ఎవరుంటారని అడిగాడు.

"ఉంటే ఉంటాది, పోతే పోతాది" అని ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు మలుపు దాకా కనిపించారు. చెట్టు నీడన ఆగారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. తర్వాత కనిపించలేదు. రాయి మీద నేను ఒక్కదాన్నే మిగిలాను. కాసేపటికి జీడిచెట్టు మీంచి కోతుల గుంపు దిగింది. ఒకటి నా మూతి విప్పింది, ఇంకొకటి అరటిపళ్ళు లాక్కుంది, మిగిలినవి పులిహోర గిన్నె చుట్టూ బుద్ధిగా కూర్చున్నాయి. వాటికి అడ్డు చెప్పాలని నాకు అనిపించలేదు.