కుడిసేతి శోకం

"సన్యాసమ్మా, గొంతు కొంచెం తగ్గించు. పక్కవాళ్ళ గొంతులో నీ గొంతు కలిసిపోవాలి" అంది రమణి మేడం. ఆ మాట అనడం అది ఎన్నోసారో నాకే తెలీదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు తగ్గించుకోడానికేటి నానిక్కడికొచ్చింది? ఆసుపత్రిలో తగ్గించుకున్నాను, ఠాణాలో తగ్గించుకున్నాను, మా అత్త ముందర సరేసరి. ఆదివారం పూటా బిర్సానగర్‌లో ఆటో ఎక్కి సాక్చి దాకా వచ్చి ఇక్కడ కూడా తగ్గించుకోవాలంటే, ఆ సంబరానికి ఇంట్లో పప్పు రుబ్బుకుంటే పోయేది.

అయినా తగ్గించాను. ఆవిడ మంచి మనిషే. ఈ హిందీ ఊళ్ళో మాలాగే తెలుగోళ్ళు, మొగుడు పెద్ద ఇంజనీరు. 'ఏక్ సుర్', అంటే ఒకే సుతి, అని పేరెట్టి ఈ పాటల జట్టు నడుపుతాది. బెంగాలీలు, బిహారీలు, సంతాలులు, మనోళ్ళు, అందరూ ఉంటారు. బస్తీ కూల్చీడానికొస్తే అక్కడికెళ్ళి పాడతారు, నీళ్ళు రాపోతే ఆఫీసు ముందర నిలబడి పాడతారు. నాను వంట సేసే ఇంటికి పక్కిల్లే ఆవిడిది. "నీ పాట గోడ దాటి వినిపిస్తోంది, మాతో పాడతావా?" అని ఒకరోజు అడిగింది. "మా ఇంటాయన ఫ్యాక్టరీ గేటు ముందర పాడతారా?" అని నానడిగాను. సంగతంతా విని, పాడతామంది. అందుకు సేరాను గానీ పాటల మీద మోజుతోటి కాదు.

మా ఇంటాయన ఆదిబాబు ఆదిత్యపూర్లో ఒక సిన్న ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషీను మీద పనిసేసేవోడు. రేకు పెడితే పైనుంచి ఇనప దిమ్మ దిగి అచ్చు గుద్దుద్ది. సెయ్యి లోపలికెళ్ళకుండా ముందర జాలీ ఒకటి ఉంటాది, దాన్ని గార్డంటారు. గార్డుంటే పని నెమ్మదిగా అవుతాదని మేనేజరు దాన్ని ఇప్పించీసేడు. ఆ మర్నాడే దిమ్మ మా ఇంటాయన కుడిసేతి మీద దిగింది. మణికట్టు కాడికి పోయింది.

ఇప్పుడు ఆ మేనేజరేటంటాడు? ఆదిబాబు తాగొచ్చి గార్డు తనే ఇప్పుకున్నాడంట. ఆడి నోట్లో మన్నుబడ. మా ఇంటాయన సుక్క ముట్టడు. గార్డిప్పాలంటే పెద్ద పానా కావాల, ఆ పానా ఫిట్టరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఫిట్టరెవరు? అప్పలసూరి. మా ఊరోడే, నాకు అన్న వరస. నా సేతి సేపల పులుసు తిని ఏళ్ళు నాక్కున్నోడు. "సూసినోడు ఒక్కడొచ్చి సెప్తే సాలు, కేసు నిలబడతాది" అన్నాడు లేబరాఫీసరు. ఆ కబురెళ్ళిన కాణ్ణించి అప్పలసూరి మా ఈధిలోకి రావడం మానీసేడు. సాక్చి బజార్లో నాను ఎదురుపడితే తేలు కుట్టిన దొంగలాగ కూరల బండి ఎనక్కి తప్పుకున్నాడు. ఉద్యోగం పోతాదని బయ్యం. నా మొగుడికి సెయ్యే పోయింది, ఆడికి ఉద్యోగం పోతాదని బయ్యం.

ఆసుపత్రోళ్ళు ఆ తెగిన సెయ్యిని గుడ్డలో సుట్టి ఇచ్చీసేరు. మా మరిది దాన్ని ఖర్కాయి ఏటి ఒడ్డుకి అట్టుకెళ్ళి పాతిపెట్టీసేడు. ఆ పూట మా అత్త బంగారమ్మ నన్ను గదిలో కూకోబెట్టి గుమ్మానికి అడ్డంగా కూకుంది. "శోకం తీసావంటే సూడు. బతికున్నోడికి శోకం పెడితే ఆయువు తరిగిపోద్ది" అంది.

మా వైపు శోకమంటే ఒట్టి ఏడుపు కాదు. రాగం తీసి, పోయినోళ్ళ గుణాలన్నీ సెప్పి, ఉన్నోళ్ళని పేరెట్టి నిలదీసి ఏడవడం. ఒక ఆడది శోకం ఎత్తుకుంటే పక్కనున్న ఆడది దాన్నొంటరిగా ఒగ్గీకూడదు, తనూ అందుకోవాల. పేరెట్టి పిలిస్తే ఆ మనిషి రావాల. వచ్చి, సెయ్యట్టుకు లేపి, ఏటి జరిగిందో నిజం సెప్పాల. రాపోతే ఆ ఇంటితోటి సావుకీ పెళ్ళికీ తెగిపోయినట్టే. అయితే ఒక సేతికి శోకం పెట్టిన ఆడది మా వంశంలో లేదు. నాను నోరు మూసుకున్నాను. ఆ ఏడుపు కడుపులోనే ఉండిపోయింది.

గేటు ముందర పాటకి పోలీసోళ్ళు పర్మిషనిచ్చారు. భాషణాలొద్దు, నినాదాలొద్దు, పాటలు మట్టుకు పాడుకోండి అన్నారు. పాటేటి సేత్తాదిలే అనుకున్నారు కాబోలు.

షిఫ్టు మారే ఏళకి గేటుకాడ వరసగా నిలబడ్డాం. రోడ్డవతల మా ఇంటాయన, మా అత్త నిలబడున్నారు. ఆయన కుడిసేతి సొక్కా మడిచి పిన్నీసు పెట్టింది నానే. రమణి మేడం సెయ్యెత్తింది, అందరం హిందీ పాట అందుకున్నాం. కష్టజీవులంతా ఒకటే అని, తెల్లారతాదని. బాగానే పాడాం. బయటికొచ్చిన లేబరోళ్ళు ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నారు.

మేనేజరు గేటు దాటి వచ్చాడు. సేతులు కట్టుకుని, తలాడిత్తా పాటంతా ఇన్నాడు. ఆడి సూపు మా ఇంటాయన మీద పడింది, కరెంటు స్తంభాన్ని సూసినట్టు సూసి పక్కకెళ్ళిపోయింది. పాటవగానే సప్పట్లు కొట్టాడు. "బహుత్ సుందర్" అన్నాడు. "కళాకార్ లోగ్ ధూప్ మే ఖడే హై, చాయ్ పిలావ్" అని లోపలికి కేకేసేడు.

ఇల్లు కాలి ఒకడేడుత్తంటే సుట్టకి నిప్పడిగినాడంట ఎనకటికొకడు. నా మొగుడి సెయ్యి తిన్నోడు మా పాటకి సప్పట్లు కొట్టి టీ పోయిత్తన్నాడు. మావోళ్ళు కూడా ఏటి సెయ్యాలో తెలీక గ్లాసులందుకుంటన్నారు.

ఆ టీ పళ్ళెం అట్టుకొచ్చినోడు ఎవరనుకున్నారు? అప్పలసూరి. తలెత్తకుండా ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటా నా ముందరికొచ్చాడు. "తీసుకో సెల్లీ" అన్నాడు గొంతులోనే.

గ్లాసు నాను సూళ్ళేదు. పళ్ళెం కింద ఆడి కుడిసెయ్యి సూసేను. ఏళ్ళు అయిదూ ఉన్నాయి. నాను అక్కడికక్కడే రోడ్డు మీద కూలబడిపోయాను. జుత్తు ఇప్పీసేను. ఇన్నాళ్ళూ కడుపులో కుక్కుకున్నదంతా పైకొచ్చీసింది.

"ఓ నా కుడిసెయ్యా... ముద్ద కలిపిన సెయ్యా...
నా మెడలో పుస్తి కట్టిన సెయ్యా...
ఏ మెషీను మింగిందే నిన్ను... ఎవరిచ్చారే నిన్ను దానికి..."

మేనేజరు మొహం మారిపోయింది. "యే క్యా హై? భాషణ్ నహీ చలేగా" అన్నాడు. రమణి మేడం ఆడికీ నాకూ మజ్జిన వచ్చి నిలబడింది. గొంతు తగ్గించమంటాదనుకున్నాను. "భాషణ్ నహీ, గానా హై. పర్మిషన్ గానే కా హీ హై" అంది ఆడితోటి. మా పాటకి పెట్టిన మైకు తీసుకొచ్చి నా నోటికాడ పెట్టింది. "ఇప్పుడు తగ్గించకు" అంది నాతోటి.

అప్పటికి మా అత్త రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చీసింది. "బతికున్నోడికి శోకమేటే, నా కొంప ముంచీసేవే" అని నా నోరు నొక్కీసింది. నాను ఆ సెయ్యి లాగీసేను. "నువ్వు మోసి కన్న సెయ్యే అత్తా! కుక్కకైనా గొయ్యి తీసి కళ్ళనీళ్ళెట్టుకుంటాం, ఈ సేతికెవరేడిసేరు?" అని రాగంలోనే అడిగీసేను. ఆవిడ నన్ను కొడతాదనుకున్నాను. నిలబడి నిలబడి, నా పక్కన సతికిలబడింది. "ఓ నా కొడుకు సెయ్యా... పాలు తాగుతా నా జుత్తట్టుకు లాగిన సెయ్యా..." అని అందుకుంది. గేటుకాడ కూడిన మా తెలుగు ఆడోళ్ళు కూడా కళ్ళొత్తుకుంటా వచ్చి కూకున్నారు. రోడ్డవతల మా ఇంటాయన ఎడంసేత్తో మొహం కప్పుకున్నాడు. దెబ్బ తగిలిన కాణ్ణించి ఆయన ఏడవడం అదే మొదలు.

నాను తలెత్తాను. అప్పలసూరి మొహంలోకి సూసి పిలిచాను.

"ఓ అప్పలసూరన్నా... పానా నీ సేతిదే గదన్నా...
జాలీ ఎవరిప్పేరన్నా... ఎవరిప్పమన్నారన్నా..."

"అందర్ జా" అన్నాడు మేనేజరు ఆడితోటి. అప్పలసూరి లోపలికెళ్ళలేదు, ఇటూ రాలేదు. మళ్ళీ పిలిచాను. ఈపాలి మా అత్త కూడా పిలిచింది, "ఓ సూరీ, నా ఇంట్లో తిన్నావు గదరా" అని. ఆడు పళ్ళెం నేల మీద పెట్టీసి, వంగి నా జబ్బట్టుకున్నాడు.

"లే సెల్లీ."

"ఏటి జరిగిందో సెప్పు."

"పానా నాదే. మేనేజరు ఇప్పమన్నాడు, ఇప్పినాను. బావ సుక్క ముట్టలేదు" అన్నాడు. ఆడి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

మా తెలుగోళ్ళందరూ ఇన్నారు. మేనేజరుకి తెలుగు రాదు. "క్యా బోల్ రహా హై?" అని పక్కోణ్ణి అడుగుతున్నాడు. అప్పలసూరి నన్ను లేపబోయాడు. నాను లేవలేదు. ఆడి కళ్ళనీళ్ళు సూసి కరిగిపోడానికి నాలో జాలేటీ మిగల్లేదు. మైకు తీసి ఆడి నోటికాడ పెట్టాను.

"హిందీలో సెప్పు" అన్నాను.

ఆడు నా జబ్బ మీదున్న తన సెయ్యి కేసి సూసుకున్నాడు.

"గార్డ్ మైనే ఖోలా థా" అన్నాడు. ఏలెత్తి మేనేజర్ని సూపించాడు. "ఇన్హోనే ఖుల్వాయా థా."

"రేపు లేబరాఫీసులో ఇదే మాట సెప్తావా?"

"సెప్తాను."

అప్పుడు లేచాను.