డబ్బీలో తొలిమాట

పొద్దున్న ఎనిమిదింటికి పసిపిల్లల గది తలుపు తీయగానే టీచరు నేల తుడుస్తుంది, చాపలు దులుపుతుంది, కిటికీ అంచున చిన్న రేకు డబ్బీలు వరసగా పేరుస్తుంది. డబ్బీలెందుకంటారా? అక్కడికే వస్తున్నా, వినండి.

ఆ గదిలో ఏ పాపాయి అయినా తొలిమాట పలికితే చప్పుడుండదు. పెదవులు కదులుతాయంతే. మాట శనగగింజంతై, గోరువెచ్చగా నేలమీద టప్పున పడుతుంది. దాన్ని డబ్బీలో పెట్టి, మూత బిగించి, సాయంత్రం పిల్ల సంచిలో వేసి పంపాలి. ఇంట్లో మూత తీస్తే అప్పుడు పలుకుతుంది పాపాయి. తొలిమాట కన్నవాళ్ళు వినాలి గదండీ! అందుకే కొత్తగా ఎవరు పనిలో చేరినా పెద్ద టీచరు ఒకటే చెప్తుంది.

"చెవి దగ్గర పెట్టుకోకు. నీ దగ్గర ఉంచుకోకు."

పదకొండేళ్ళలో మన టీచరు ఎన్ని డబ్బీలు పంపిందో ఆ దేవుడికే ఎరుక. ఒక్కటీ వినలేదు.

ఒక సోమవారం చెంచాపాప తప్పటడుగులేసుకుంటూ వచ్చింది. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట పడలేదు, చేతిలో చెంచా మాత్రం వదలదు. అలాంటి పిల్ల ఆ చెంచా తీసి టీచరు అరచేతిలో పెట్టింది. పెదవులు కదిలాయి. టప్.

ప్రాణంలాంటి చెంచా ఇచ్చేస్తూ ఏమని ఉంటుంది? టీచరు ఆగలేకపోయింది. గింజను చెవికి ఆనించుకుంది.

"ఇదిగో."

పాలిస్తూ, బొమ్మ ఇస్తూ, ముక్కు తుడుస్తూ రోజుకు వందసార్లు టీచరు అనే మాటే! 'ఇది నాదే గదా' అనుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది.

సాయంత్రం పాప తల్లి యూనిఫామ్‌తోనే పరుగున వచ్చింది. సిటీ బస్సు నడుపుతుందావిడ.

"ఇవాళైనా పడిందా అక్కా?"

"లేదమ్మా."

పిల్లల సంగతులు రాసే రోజు పుస్తకంలోనూ అదే రాసింది. మంగళవారం, బుధవారం కూడా. టీ తాగేటప్పుడు జేబులోంచి గింజ తీసి వినేది. పాపేమో చెంచా ఇవ్వబోయి, పెదవులు తెరిచి, ఏమీ పడక, వంగి నేలంతా తడుముకునేది. చాప కింద కూడా వెతికింది.

గురువారం తల్లి గుమ్మంలోనే కూలబడింది. "ఆదివారం మా అత్తగారొచ్చి పాపను తీసుకెళ్ళిపోతారక్కా. మాటలొచ్చేదాకా ఆవిడ దగ్గరేనట. నేను బస్సు తిప్పుతూ కూర్చుంటే పిల్లకు మాటలెక్కడొస్తాయంటున్నారు. నిజమేనేమో."

టీచరు చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఇవాళే పడిందని సంచిలో వేస్తే ఎవరికి తెలుస్తుంది? అయినా గింజను డబ్బీలో పెట్టి తల్లి చేతికే ఇచ్చింది.

"సోమవారమే పడిందమ్మా. నేను దాచుకున్నాను. విన్నాను కూడా."

తల్లి డబ్బీ గుప్పిట్లో బిగించి లేచింది. "ఈ నాలుగు రోజులూ ఇంట్లో నన్నెన్నేసి మాటలన్నారో తెలుసా మీకు?"

"తప్పు నాదే."

"మూత ఆదివారమే తీస్తాను, టీచరుగారూ. అందరి ముందూ."

అక్కా అనలేదు, గమనించారా?

టీచరు నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆవిడ రోజు పుస్తకం ముందుకు తోసింది. "మూడు పేజీల్లోనూ జరిగింది రాసి సంతకం పెట్టు. నెల రోజులు డబ్బీలు ముట్టుకోకు."

ఆదివారం అత్తగారు పాప బట్టలు సర్దుతుండగా తల్లి మూత తీసింది. చెంచాపాప నానమ్మ చేతిలో చెంచా పెట్టి, "ఇదిగో" అంది. ఆ తరవాత చెప్పు తెచ్చి ఇదిగో, కళ్ళజోడు లాగి ఇదిగో, సర్దిన గౌన్లన్నీ ఒక్కొక్కటే పైకి తీసి ఇదిగో!

"ఈ మాట మీ టీచరుదా ఏమే?" అంది అత్తగారు.

"ఆవిడదే. అక్కడే నేర్చుకుంది," అంది కోడలు.

అత్తగారు సాయంత్రం ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. ఆ బస్సు నడిపింది కోడలే.

నెల గడిచింది. ఒక సాయంత్రం చెంచాపాప కంటే చిన్న పిల్లాడొకడు కిటికీ వైపు చూస్తూ పెదవులు కదిపాడు. టప్. టీచరు గింజను డబ్బీలో వేసి, చెవికి చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని మూత బిగించింది. చెంచాపాప కోసం వచ్చిన తల్లి గుమ్మంలోంచి అదంతా చూసింది.

"ఏం మాటక్కా అది?"

"తెలియదమ్మా," అంది టీచరు. "వాళ్ళమ్మ ఇంకా రాలేదు."