ఎల్మర్ భోజన వేళ

ఫోను ఎత్తుతూనే ఎల్మర్ హాస్కిన్ గడియారం చూసి చీటీ మీద సమయం వేసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా అదే వరస. మా ప్రభుత్వ న్యాయవాదుల కార్యాలయానికి వేరే రాబడి లేదు. ఏ శాఖకి పని చేసిపెడితే ఆ శాఖకే బిల్లు వెళుతుంది. గంటను ఆరేసి నిమిషాల ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరిదో రాయాలి. రోడ్ల శాఖ రోజంతా మాట్లాడుతుంది. చిన్న శాఖలు పలకరించడానికే జంకుతాయి.

ఎల్మర్ సన్నగా, జారిన భుజాలతో ఉంటాడు. కలం పట్టీ పట్టీ మధ్యవేలు కాయ కాచింది. గొప్పగా వాదిస్తాడని ఎవరూ అనరు. మంచివాడు, అంతే. నాకు మాత్రం ఆ మనిషంటే ప్రాణం.

ఫోను ప్రభుత్వ అంధుల బడి ప్రిన్సిపాల్ రోవెనా స్ట్రౌడ్‌ది.

“హాస్కిన్ గారూ, మీటరు తిరుగుతోందా?”

“ముందు సంగతి చెప్పండమ్మా.”

“మా పిల్లలు బస్టాపుకి నడిచే దారి మూయించాలని పక్క స్థలం ఆయన కేసేశాడు. ఇవాళ ఐదింటిలోపు మన జవాబు కోర్టులో పడాలట. లేదంటే సోమవారం కంచె వేసేస్తాడు. లాయరు ఖర్చుకని మాకిచ్చిన డబ్బులేమో మార్చిలోనే అయిపోయాయి.”

ఎల్మర్ చీటీ మీద సమయం పక్కన బడి పేరుకి బదులు ‘భోజనం’ అని రాశాడు.

“నేనిప్పుడు భోజనానికి కూర్చున్నానమ్మా. తింటూ మాట్లాడితే బిల్లుండదు. చెప్పండి.”

అప్పటికి పొద్దున పదిన్నర.

డబ్బు లేని శాఖలన్నిటికీ ఆయన భోజన వేళే దొరికేది. అందుకే చీటీల ప్రకారం ఆయన రోజుకి మూడు గంటలు తినేవాడు. పై అధికారి డెల్లా తలుపు దగ్గర ఆగి దెప్పింది.

“ఏమయ్యా ఎల్మర్, ఇంత తిని ఎక్కడ దాస్తున్నావ్?”

“మా వంశమంతా ఇంతేనండీ. తింటాం, కనపడదు.”

ఆ రోజు ఆయన తిన్నది గుడ్డు శాండ్‌విచ్‌లో సగం. మిగతా వేళంతా టైపు చేశాడు. ఎడమ చెయ్యి లాగుతోందని రెండుసార్లు విదిలించుకున్నాడు. నాలుగున్నరకి వానలో ఎటో వెళ్లి, తడిసి వచ్చి, కోటు కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. ఆరింటికి ఊడ్చే ఆవిడ పిలిస్తే పలకలేదు.

మరునాడు రోవెనా ఫోను డెల్లాకి వెళ్లింది. ఆయన పోయాడని విని కాసేపు ఏడ్చింది.

“ఇప్పుడడగకూడదు గానీ, మా జవాబు పడిందా అండీ?”

డెల్లాకి ఏ జవాబో తెలియదు. బిల్లు లేని పనికి మా దగ్గర దస్త్రమే ఉండదు. ఎల్మర్ చీటీ తీసింది. ‘భోజనం, పదిన్నర నుంచి’ అని ఉంది. ఎంతవరకో రాయలేదు. ఆ మూడు గంటల భోజనాలేమిటో ఆమెకి అప్పుడర్థమైంది.

“ఒక్క నిమిషం ఉండండి,” అని, కుర్చీకి వేలాడుతున్న కోటు జేబులో చెయ్యి పెట్టింది.

మడిచిన కాగితం, అంచులింకా చెమ్మగా ఉన్నాయి. పైన కోర్టు గుమాస్తా వేసిన ఊదారంగు ముద్ర, నాలుగూ నలభై.