మూడుసార్లు గది దాకా

కాలేజీలో చేరిన పిల్లలు మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారో తేల్చే పనిని ఆ లెక్చరరమ్మ నెత్తిన వేసుకుని మూడేళ్లయింది. హాజరు పట్టీలు, లైబ్రరీ రిజిస్టర్లు, మార్కుల జాబితాలు అన్నీ జల్లెడ పట్టింది. క్లాసులో ఎవరు నోరు విప్పుతారో, ఎవరు వెనక బెంచీలో గోడకు అతుక్కుపోతారో, పిల్లల్ని కూర్చోబెట్టుకుని గంటల తరబడి అడిగి రాసుకుంది. “ఈవిడ చేతికి చిక్కితే ఇక మంచినీళ్లు కూడా ముట్టనివ్వదు” అని తోటివాళ్లు వేళాకోళమాడేవారు.

చివరికి, మానేసినవాళ్లందరికీ ప్రశ్నల కాగితం పోస్టు చేయించింది. పేరు రాయనక్కర్లేదంది. అరవై ఒక్కటి తిరిగొచ్చాయి. ఒక మధ్యాహ్నం వాటిని ఒక్కొక్కటే విప్పుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. ఆ గుండ్రటి అక్షరాలు తను చెయ్యి పట్టుకుని దిద్దించినవే.

చెల్లెలివి.

మానేసినవాళ్ల జాబితాలో తన చెల్లెలు కూడా ఉంటుందన్న ఆలోచనే ఆమెకు తట్టలేదు. అమ్మ పోయాక పెంచింది తనే, ఈ కాలేజీలో చేర్పించిందీ తనే. రెండో ఏడాది సగంలో ఆ పిల్ల మానేస్తానంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. “ఒళ్లు వంచడం చేతగాక వేషాలు” అంది. ఆ తర్వాత చెల్లెలు కళ్లద్దాల షాపులో పనికి కుదిరి, స్నేహితురాలితో కలిసి వేరే గది తీసుకుంది.

‘మానేసే ముందు ఎవరితోనైనా చెప్పుకున్నారా?’ అన్న ప్రశ్న కింద ఇలా ఉంది:

‘మా అక్కతో చెప్పాలని మూడుసార్లు ఆమె గది దాకా వెళ్లాను. రెండుసార్లు ఎవరో పిల్లలతో మాట్లాడుతోంది. మూడోసారి నన్ను చూసి, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అంది. ఇంటికొచ్చి ఆ పిల్లలు చెప్పింది రాసుకున్న కాగితాలే ముందేసుకుంది. పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అడిగితే సారు అందరి ముందూ నవ్వారు. అయినా ఒక్కరోజూ క్లాసు ఎగ్గొట్టలేదు.’

నిజమే. అప్పట్లో హాజరు పట్టీ చూసి, ఈ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదని రాసింది తనే.

కాగితం మడిచి పట్టుకుని తిన్నగా షాపుకు వెళ్లింది. చెల్లెలు అద్దాలు తుడుస్తోంది.

“ఏంటక్కా, ఇలా వచ్చావ్?”

“ఇది నీదేనా?”

“పేరు రాయక్కర్లేదన్నారుగా!” అని నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయింది.

“నాతో గట్టిగా ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పడానికే వచ్చా కదక్కా.”

లెక్చరరమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. “మళ్లీ చేరవే. పక్కన కూర్చుని నేనే చెప్తా. ఎవరు నవ్వుతారో చూస్తా.”

“వద్దక్కా. ఆ గేటు ముందు నుంచి పోవాల్సొస్తే ఇప్పటికీ పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి పోతా.” చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. “నీ మీద కోపం లేదు. అప్పుడుండేది. ఇప్పుడు అదీ లేదు.”

కోపమైనా మిగిలుంటే బావుణ్ననిపించింది లెక్చరరమ్మకు. ఇంతలో ఎవరో పెద్దాయన విరిగిన ఫ్రేముతో వచ్చాడు. “రండి తాతగారూ” అంటూ చెల్లెలు అటు వెళ్లిపోయింది.

మానేసినవాళ్ల మీద ఆమె రాసిన నివేదికను అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు చెల్లెలు ఆదివారాలు అక్క దగ్గరికి వస్తుంది. కలిసి తింటారు. షాపు కబుర్లు చెబుతుంది. గిన్నెలు కడిగి వెళ్తుంది. గుమ్మం దగ్గర అక్క ఆపి, “ఇంకేమైనా చెప్పాలా?” అని అడుగుతుంది.

“ఏం లేదక్కా” అని చెప్పులు వేసుకుంటుంది చెల్లెలు.