తీగ కుంచెలు

మాడిన పాలగిన్నెను పెరట్లో ముందేసుకుని ఇందిరమ్మ గీకుతోంది. బట్టలు ఆరేయడానికి వచ్చిన వందన, అత్తగారి చేతిలోవి ఏమిటో చూసి గడపలోనే ఆగిపోయింది. తన కుంచెలు. సన్నటి ఉక్కు తీగలు విసనకర్రలా విచ్చుకునే జాజ్ కుంచెలు. వాటితో డ్రమ్ము మీద మెల్లగా రాస్తే, దూరంగా ఎవరో జల్లెడ పడుతున్నట్టు వినిపించేది. ఇప్పుడా తీగల సందుల్లో నల్లటి మాడు, సబ్బు జిడ్డు. మాడిన పాల కంపు గుప్పుమంది.

"అవి నావి అత్తమ్మా."

"ఇంట్లున్నయి, ఎవ్వరియైతేంది? పీచు కన్న మస్తు గీకుతున్నయి," అంది ఇందిరమ్మ తలెత్తకుండానే.

వికారాబాద్ చర్చిలో ఏసుదాసు సారు ఆమెను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టినప్పుడు వందనకు పదకొండేళ్ళు. "దుకాణమోళ్ళ పిల్లకు గిదేం పని?" అని బజారంతా నవ్వింది. ఆమె చర్చి పాటలకు కొట్టింది, భజనలకు కొట్టింది, పెళ్ళి ఆర్కెస్ట్రాలకు కొట్టింది, హైదరాబాద్ హోటళ్ళలో ఆరేళ్ళు జాజ్ కొట్టింది. ఏ పాటకు ఏ చెయ్యి కావాలో ఆ చెయ్యి ఆమెకు ఉండేది. పెళ్ళయి తాండూరు వచ్చిన మొదటి వారమే భర్త గిరీష్ అన్నాడు, "నలుగురి ముంగట కాళ్ళు ఎడంగ పెట్టి కూసునుడేంది? మనది ఇజ్జత్ గల్ల ఇల్లు." ఆ ఇజ్జత్ కోసం డ్రమ్ములు గిరీష్ నడిపే బండల పాలిష్ యూనిట్ గోదాంలోకి పోయి, బూడిద రంగు పొడి కింద మునిగాయి. చుట్టాలొస్తే మాత్రం అదే గిరీష్, "మా ఆమె ఒకప్పుడు పెద్ద పెద్ద హోటళ్ళల్ల వాయించింది. ఇప్పుడు నన్ను వాయిస్తది," అనేవాడు. వాళ్ళు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల మధ్య వంగి ఆమె ఎంగిలి చాయ్ కప్పులు ఏరేది. పంతొమ్మిదేళ్ళుగా అదే జోకు, అవే కప్పులు.

పోయిన వారం పాత జట్టులోని రాకేష్ ఫోన్ చేశాడు. "హోటల్ల ప్రోగ్రాం, ప్రతి శనివారం అక్కా, ఏడాది పొడుగునా. కుంచెలతో నీలెక్క వాయించెటోళ్ళు దొరుకుతలేరు." ఇంట్లో అడిగి చెప్తానంది. అడిగితే గిరీష్ పళ్ళు కుట్టుకుంటూ, "ఒక్క శనివారం పో, సాలు. వారం వారం పోతె అమ్మకు అన్నమెవరు పెడ్తరు?" అన్నాడు. ఆ ఒక్కటి దొరికినందుకే ఆమె మురిసిపోయి, ఆ పూట అతనికిష్టమని బొబ్బట్లు చేసింది. అది గుర్తొచ్చి, పాల కంపు కన్నా ఎక్కువ రోత పుట్టింది. తన మీద తనకే.

గిరీష్ బయటికొచ్చి చూశాడు. "గింతదానికి మొఖం గట్ల పెట్టినవేంది? కడిగితె పోతది. ఎట్లాగు ఒక్కరోజే గద వాటితోటి పని."

వందన తడి బట్టల బకెట్టు కింద పెట్టింది. అక్కడే నిలబడి రాకేష్‌కు ఫోన్ చేసింది.

"ప్రతి శనివారం వస్త తమ్మీ. కొత్త కుంచెలు కొనుక్కొనే వస్త."

గిన్నె గీకుడు ఆగిపోయింది.

"ఎవరినడిగి చెప్పినవ్?" గిరీష్ గొంతు లేచింది.

"మిమ్మల్నే అడిగిన గద. ఒక్కటిచ్చిన్రు. మిగిలినయి నేను తీసుకున్న."