రాణి బుగ్గ మీద చిల్లు

ముందే ఒప్పుకుంటాను: మా నాయనమ్మ అహల్య దాచుకున్న చిల్లు లిఫాఫాని, అదే ఉత్తరం కవరుని, ఎలుక కొరికిందనుకుని చిన్నప్పుడు నేనే చెత్తబుట్టలో వేశాను. వీపు విమానం మోత మోగాకే దాని కథ తెలిసింది.

1949లో అహల్య కోదాడలో టీచరు. పాత లిఫాఫాలంటే పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఊళ్లు తిరిగి, అటకలు వెతికించి, పొయ్యిలోకి పోబోయే కాగితాలను అడిగి తెచ్చుకునేది. అన్నిటిలో ఆమె ప్రాణం ఒక్కదాని మీదే. అరవై ఏళ్ల కిందట సూర్యాపేట నుంచి సరిహద్దు దాటి జగ్గయ్యపేట వెళ్లిన లిఫాఫా అది. నిజాం స్టాంపు సరిహద్దు దాకానే చెల్లేది. అవతలికి పోవాలంటే ఇంగ్లీషు సర్కారువారి విక్టోరియా రాణి స్టాంపు కావాలి. ఈ లిఫాఫా మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కాకపోతే రాణి బుగ్గ మీద చిల్లు. అహల్యకు అది నామోషీ అనిపించింది. కాగితం గుజ్జులో గంజి కలిపి చిల్లు పూడ్చి, పైన రంగు అద్ది, మిర్యాలగూడలో పెట్టిన స్టాంపుల ప్రదర్శనకు పట్టుకెళ్లింది.

అక్కడ మంచిచెడ్డలు తేల్చేది రామనర్సయ్య. ఆ చుట్టుపక్కల స్టాంపులు పోగుచేసే వాళ్లందరికీ పెద్దదిక్కు. భూతద్దం పెట్టగానే అతుకు పట్టేశాడు. పైగా టపా ముద్ర మొత్తం రాణి మొహం మీదే పడింది, అంచు దాటి లిఫాఫా మీదికి రాలేదు. అంటే ఎక్కడిదో వాడిన స్టాంపు తెచ్చి ఎవరైనా గోందు పూసి అంటించొచ్చు.

"టీచరమ్మా, ఈ రాణి సరిహద్దు కాడికెళ్లి రాలే. నీ గోందు సీసలకెళ్లి వచ్చింది" అన్నాడు.

అందరూ నవ్వారు. దొంగ సరుకని ఆయన రాసేస్తే పోయేది లిఫాఫా ఒక్కటే కాదు, అహల్య పేరు. ఇక ఏ ఇంట్లోనూ ఆమె కోసం అటకకు నిచ్చెన వేయరు.

అహల్య సంచిలోంచి తుప్పు పట్టిన ఇనుప తీగ తీసింది. దానికి ఉత్తరాల కట్ట గుచ్చి ఉంది. ఆ కట్టను ఆమెకిచ్చిన జగ్గయ్యపేట సత్తెమ్మ కోదాడ నుంచి బస్సులో తోడొచ్చింది. ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"ఈ ఉత్తరాలన్నీ మా తాతకొచ్చినవండీ. ఏదొచ్చినా చదివేసి తీగకు గుచ్చేవాడు. ఈ పిల్ల అడిగేదాకా మా ఇంట్లో ఎవరూ వాటిని ముట్టుకోలేదు."

అహల్య గిన్నెలో నీళ్లు అడిగింది. తడి గుడ్డ కొసతో అతుకును మెల్లగా అద్దింది. కాస్త ఎక్కువ తడిస్తే రాణి కూడా ఊడొస్తుంది. రాణి ఊడలేదు. గుజ్జు మాత్రమే వచ్చింది. చిల్లు చుట్టూ గోధుమరంగు తుప్పు వలయం బయటపడింది.

"చిల్లు దాపెట్టుడు నా తప్పే, ఒప్పుకుంటున్న. స్టాంపు మాత్రం నేను పెట్టలే. జర ఇది సూడుండ్రి" అంది.

లిఫాఫాను తీగ మీద దాని చోటుకే తిరిగి ఎక్కించింది. దాని మీదుండే ఉత్తరాన్ని తిప్పి చూపించింది. దాని వెనక అదే తుప్పు వలయం. వలయం చుట్టూ చదరంగా, పంటిగాట్ల లాంటి అంచులతో సహా, స్టాంపు అచ్చు లోతుగా దిగి ఉంది. అరవై ఏళ్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటే తప్ప అంత లోతుగా దిగదు.

రామనర్సయ్య చాలాసేపు చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత లేచి, అన్నిటికన్నా మేలైనది పెట్టే మొదటి బల్ల మీదున్న తన సొంత లిఫాఫాను తీసి రెండో బల్ల మీదికి మార్చాడు.

"నీది గాడ పెట్టు బిడ్డా. తీగ గూడ."

అహల్య ఆ చిల్లును మళ్లీ పూడ్చలేదు. తిరుగు బస్సులో సత్తెమ్మ మాత్రం ఎక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ తన తాతకే మొదటి బహుమతి వచ్చిందని చెప్పుకుంటూ వచ్చింది.

మీ ఇంట్లో కూడా ఇలా తీగకు గుచ్చిన ఉత్తరాలు ఉన్నాయా? లేక నాలాగే ఎవరైనా పారేశారా? నాకు రాయండి. తిట్లు తిన్న కథలైతే ఇంకా ఇష్టంగా చదువుతాను.